తెలుగు పత్రికలకు, ఛానళ్లకు ఒక విన్నపం: రాకెట్ వార్తలో బరువు, ఇంధనం కూడా రాయండి

తెలుగు దినపత్రికల సంపాదకులకు, వార్తా ఛానళ్ల బాధ్యులకు, రాత్రిళ్లు డెస్కులో కూర్చుని పేజీలు దిద్దే సబ్ ఎడిటర్లకు నమస్కారాలు.

శ్రీహరికోటలో ప్రయోగం ఉందంటే మీరు మొదటి పేజీలో చోటిస్తారు. ఛానళ్లు పొద్దున్నుంచే లైవ్ పెడతాయి. తెలుగు పాఠకుడిగా అందుకు నాకు సంతోషం. కౌంట్‌డౌన్ ఎన్ని గంటలో రాస్తారు. ఇస్రో ఛైర్మన్ సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి ఎప్పుడు వెళ్లారో రాస్తారు. రాకెట్ నిప్పులు చిమ్ముతూ నింగికెగసిన సమయం సెకన్లతో సహా ఇస్తారు. కంట్రోల్ రూంలో చప్పట్లు, ప్రధాని, ముఖ్యమంత్రుల అభినందనలు అన్నీ ఉంటాయి. ఉండాల్సినవే, దేన్నీ తీసేయమని నేను అడగను. ఆ రాకెట్ ఎంత బరువును, ఎంత ఎత్తుకు, ఏం మండించి మోసుకెళ్లిందన్న సంగతి మాత్రం ఎక్కువసార్లు ఉండదు. ఉపగ్రహం బరువు ఒక్కోసారి ఒక మూల కనిపిస్తుంది. ఇంధనం సంగతి ‘ఇంధనం నింపే ప్రక్రియ పూర్తయింది’ అన్న ఒక్క వాక్యంతో సరి. అసలు కథంతా ఆ వాక్యంలోనే ఉందని చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను బెంగళూరులో ఫిజిక్స్ లెక్చరర్‌ని. మా సొంతూరు నాయుడుపేట దగ్గర. ఇక్కడ మత్తికెరెలో ఉంటాం. ఇస్రో ప్రధాన కార్యాలయం ఉన్న న్యూ బీఈఎల్ రోడ్డు మాకు పక్కనే. ఈ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు బడిలో ఇంగ్లిష్, కన్నడ చదువుతారు. తెలుగు మర్చిపోకూడదని పెద్దవాళ్లు ఫోన్‌లో ఈ-పేపర్ తీసి పైకి చదివిస్తారు. మామూలు రోజుల్లో దానికి బతిమాలాలి. రాకెట్ లేచిన మర్నాడు మాత్రం వాళ్లే అడిగి మరీ చదువుతారు. కాబట్టి మీరు ఆ రోజు రాసే వార్త ఈ ఊళ్లో చాలామంది తెలుగు పిల్లలకు తమ భాషలో దొరికే ఏకైక సైన్స్ పాఠం. ఇంత గట్టిగా అడగడానికి కారణం అదే.

ఆదివారాలు మా లేఅవుట్ అసోసియేషన్ హాల్లో ఆ పిల్లలకు సైన్స్ చెబుతుంటాను. చంద్రయాన్-3 గురించి మాట్లాడుకుంటున్నప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి అడిగింది: “సార్, రాకెట్ 640 టన్నులని పేపర్లో ఉంది. చంద్రయాన్ నాలుగు టన్నులు కూడా లేదు. మరి మిగతాదంతా ఏంటి సార్?” ఆ రెండు అంకెలూ వార్తలో ఉన్నాయి. వాటి మధ్య ఉన్న తేడా ఏమిటన్నది ఎక్కడా లేదు. ఆ ప్రశ్న రాకెట్ శాస్త్రానికి గుండెకాయ లాంటిది. ఒక పిల్ల తనంతట తాను అక్కడిదాకా వచ్చిందంటే మిగతా దారి చూపించాల్సింది మనమే కదా.

ఆ లెక్క నిజానికి పెద్ద కష్టమైంది కాదు. చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్‌కు రెండు పక్కలా ఎస్200 అనే ఘన ఇంధన మోటార్లు ఉంటాయి. ఒక్కోదాంట్లో 204 టన్నులు. మధ్యలో ఎల్110 దశలో రెండు వికాస్ ఇంజన్లు, వాటి కోసం 115 టన్నుల ద్రవాలు. ఆ పైన సీ25 క్రయోజెనిక్ దశలో, అంటే అతిచల్లటి ద్రవాలతో నడిచే దశలో, 28 టన్నులు. మొత్తం కలిపితే సుమారు 550 టన్నులు. అంటే లేచే బరువులో నూటికి 86 వంతులు మండిపోవడానికి పెట్టుకున్నదే. ఇంకో 85 టన్నులు ఆ ఇంధనాన్ని పట్టి ఉంచే కేసులు, ట్యాంకులు, ఇంజన్లు, పంపులు, వైర్లు. చివర మిగిలేది 3,900 కిలోలు.

బెంగళూరు నుంచి విజయవాడకు ఒక్క వంద కిలోల బియ్యం బస్తా పంపడానికి పదహారు టన్నుల లారీ కావాలని, అందులో దాదాపు పద్నాలుగు టన్నులు డీజిలేనని, దారి పొడవునా లారీ తన భాగాలను ఒక్కొక్కటే విడిచేస్తూ పోవాలని చెబితే ఎవరైనా నమ్ముతారా? ఎల్‌వీఎం3 లెక్క సరిగ్గా అదే. పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడు హాలంతా ఒక్కసారి గోల చేసింది. తర్వాత ఆ 3,900 కిలోలను కూడా విప్పి చూశాం. ప్రొపల్షన్ మాడ్యూల్ 2,148 కిలోలు, అందులో సుమారు 1,700 కిలోలు మళ్లీ ఇంధనమే. ల్యాండర్ విక్రమ్, దాని కడుపులోని రోవర్‌తో కలిపి 1,752 కిలోలు. రోవర్ ప్రజ్ఞాన్ ఒక్కటే 26 కిలోలు. 640 టన్నులు నేల వదిలితే చంద్రుడి మీద చక్రాలతో తిరిగింది 26 కిలోలు. 2023 ఆగస్టు 23న మన పేజీల్లో పెద్ద అక్షరాలతో పడాల్సిన అంకె ఇదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఇక ఇంధనాల సంగతి. ‘ఇంధనం’ అని ఒకే మాటతో సరిపెట్టేస్తే పోయేది చాలా ఉంది, ఎందుకంటే ఒకే రాకెట్‌లో మూడు రకాలు ఉంటాయి, మూడింటి స్వభావమూ వేరు.

ఘన ఇంధనం అంటే అమ్మోనియం పర్‌క్లోరేట్ అనే లవణం, అల్యూమినియం పొడి, ఈ రెంటినీ పట్టి ఉంచే హెచ్‌టీపీబీ అనే రబ్బరు లాంటి పదార్థం. వీటిని ముద్దగా కలిపి మోటార్ కేసులో పోసి గట్టిపడనిస్తారు. ఎస్200 మోటార్లకు ఈ పని శ్రీహరికోట ప్రయోగ కేంద్రమైన షార్‌లోనే జరుగుతుంది. ప్రయోగం రోజు నింపే పని ఉండదు, ఎప్పుడో నింపి సిద్ధంగా ఉంటుంది. ఒకసారి అంటుకుంటే ఆపే దారి లేదు. టీవీలో కళ్లు జిగేల్మనే మంట, వెనకే చిక్కటి తెల్లటి పొగ కనిపిస్తుందే, అది ఎక్కువగా ఆ అల్యూమినియం మండి ఆక్సైడ్‌గా మారడం వల్ల.

వికాస్ ఇంజన్లలో మండేది యూహెచ్25 అనే ద్రవ ఇంధనం, దాన్ని మండించేది నైట్రోజన్ టెట్రాక్సైడ్. రెండూ ఒకదానికొకటి తగిలితే చాలు, నిప్పురవ్వ అక్కర్లేకుండా భగ్గుమంటాయి. మామూలు ఉష్ణోగ్రతలో ట్యాంకులో నిలవుంటాయి. ఎల్‌వీఎం3లో ఈ ఇంజన్లు నేల మీద వెలగవు, రాకెట్ లేచి రెండు నిమిషాలు కావస్తుండగా గాల్లోనే అందుకుంటాయి. కాసేపటికి ఎస్200లు విడిపోగానే తెర మీద పొగ మాయమవుతుంది, మంట దాదాపు కనిపించదు. “ఆరిపోయిందా సార్?” అని పిల్లలు కంగారుపడేది ఇక్కడే. లైవ్‌లో యాంకర్ ఈ ఒక్క మాట ముందే చెబితే ఎన్ని ఇళ్లలో టెన్షన్ తగ్గుతుందో! ఘన ఇంధనం పని అయిపోయింది, ఇప్పుడు ద్రవ ఇంజన్లు పనిచేస్తున్నాయి, వాటి మంటకు పొగ ఉండదు అంటే చాలు.

మూడోది క్రయోజెనిక్. ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల దగ్గర, ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర. కిలోకు కిలో చూస్తే పై రెండింటికన్నా చాలా ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. ఇంజనీర్లు దీన్ని స్పెసిఫిక్ ఇంపల్స్ అనే కొలతతో చెబుతారు, అది ఎంత ఎక్కువైతే ఇంధనం అంత ఫలితమిచ్చినట్టు: వికాస్‌కు శూన్యంలో అది 290 సెకన్ల చిల్లర, సీ25 దశలోని సీఈ-20 క్రయోజెనిక్ ఇంజన్‌కు 440 దాటుతుంది. అయితే హైడ్రోజన్ మరీ తేలిక. లీటరు ద్రవ హైడ్రోజన్ 71 గ్రాములే తూగుతుంది, కాబట్టి పెద్ద ట్యాంకు కావాలి. ఇంకో విశేషం, ఆ 28 టన్నుల్లో 23 టన్నులకు పైగా ఆక్సిజనే. విమానం గాల్లోంచి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. పైన గాలి ఉండదు కాబట్టి రాకెట్ దాన్ని కూడా తానే మోసుకుపోవాలి.

కౌంట్‌డౌన్ గంటలకు అర్థం వచ్చేదీ ఇక్కడే. ముందు ద్రవ దశ నింపుతారు. క్రయోజెనిక్ దశను చివరి గంటల్లో నింపుతారు, ఎందుకంటే ఆ చల్లటి ద్రవాలు ఆగకుండా ఆవిరవుతూనే ఉంటాయి. మీరు ‘25 గంటల కౌంట్‌డౌన్’ అని రాసినప్పుడు దానికింద ఈ రెండు వాక్యాలు చేరిస్తే ఆ అంకె పాఠకుడికి పనికొస్తుంది.

బరువుతో పాటు ఎక్కడికి అన్నది కూడా రాయాలి. ఇది లేకపోతే బరువు అంకె తప్పుదారి పట్టిస్తుంది. ఎల్‌వీఎం3 సామర్థ్యం భూమికి దగ్గరి కక్ష్యకైతే 8 టన్నులు, భూస్థిర కక్ష్యకు చేర్చే బదిలీ కక్ష్యకైతే సుమారు 4 టన్నులు. రాకెట్ మారలేదు, గమ్యం మారింది. 2022 అక్టోబర్‌లో అదే రాకెట్ 36 వన్‌వెబ్ ఉపగ్రహాలను, మొత్తం 5,796 కిలోలను పైకి తీసుకెళ్లింది. ఆ మధ్య ఒక పెద్దాయన నన్ను నిలదీశారు: “చంద్రుడి దాకా వెళ్లినవాళ్లం, మన ఉపగ్రహాన్ని అమెరికా రాకెట్‌లో పంపించుకోవడమేంటి?” జీశాట్-ఎన్2 గురించి ఆయన బాధ. 2024 నవంబర్‌లో అది ఫాల్కన్ 9 మీద వెళ్లింది. భూస్థిర కక్ష్యకు వెళ్లాల్సిన దాని బరువు 4,700 కిలోలు. అంతకుముందు 2018లో 5,854 కిలోల జీశాట్-11 యూరప్ రాకెట్ ఏరియాన్-5 మీద ఫ్రెంచ్ గయానా నుంచి వెళ్లింది. నాలుగు టన్నుల హద్దు తెలిస్తే ఆయనకు అవమానంగా అనిపించేది కాదు. ఎల్110 స్థానంలో కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ వాడే సెమీ క్రయోజెనిక్ దశ కోసం తమిళనాడులోని మహేంద్రగిరిలో ఎందుకు పరీక్షలు చేస్తున్నారో కూడా అప్పుడే అర్థమవుతుంది. ఆ దశ వస్తే ఇదే రాకెట్ ఐదు టన్నుల దాకా మోయగలదన్నది అంచనా.

రాకెట్ వదిలేశాక ఉపగ్రహం కథ అయిపోయినట్టు రాయడం ఇంకో లోటు. ‘కక్ష్యలో ప్రవేశపెట్టారు’ అనగానే విజయవంతం అని శీర్షిక పెట్టేస్తారు. కానీ భూస్థిర కక్ష్యకు వెళ్లే ఉపగ్రహం అక్కడినుంచి తన సొంత ఇంజన్‌తో, తన సొంత ఇంధనంతో మిగతా దూరం ఎక్కాలి. 2025 జనవరి 29న జీఎస్‌ఎల్‌వీ తన పని తాను సక్రమంగా చేసింది. తర్వాత అది మోసుకెళ్లిన ఎన్‌వీఎస్-02 ఉపగ్రహంలో ఆక్సిడైజర్‌ను, అంటే ఇంధనాన్ని మండించే ద్రవాన్ని, వదలాల్సిన వాల్వులు తెరుచుకోలేదు. ట్యాంకుల్లో ఇంధనం ఉంది, మండించడానికి దారి లేదు. మొదటి రోజు పెద్ద శీర్షిక చదివినవాళ్లకు ఈ రెండో కబురు అర్థం కావాలంటే మొదటి వార్తలోనే ‘ఇంకా సగం ప్రయాణం ఉంది’ అని ఉండాలి. మంగళ్‌యాన్ చూడండి. 1,337 కిలోల్లో 852 కిలోలు ఇంధనం, శాస్త్ర పరికరాలు ఐదూ కలిపి 15 కిలోలు. 2014 సెప్టెంబర్ 24న, పది నెలలు నిద్రపోయిన ఇంజన్ మళ్లీ వెలిగినప్పుడే అది అంగారకుడి కక్ష్యలో పడింది.

విఫలమైన రోజు రాసే వార్తల గురించి నాకు ఎక్కువ బాధ. ఆ రోజు పాఠకుడికి మీ అవసరం ఎక్కువ. ‘సాంకేతిక లోపం’ అనే రెండు ముక్కలు చదివి పిల్లలు ఏం నేర్చుకుంటారు? 2017 ఆగస్టు 31న పీఎస్‌ఎల్‌వీ-సీ39లో ఉపగ్రహాన్ని కప్పి ఉంచే ఉష్ణకవచం విడిపోలేదు. ఉపగ్రహం లోపలే ఇరుక్కుపోయిందని అందరూ రాశారు, అది నిజమే. కానీ కక్ష్య కూడా ఎందుకు దెబ్బతింది? కవచం బరువు టన్ను పైమాట. దాన్ని మధ్యదారిలో వదిలేస్తామన్న లెక్కతోనే ఇంధనం పెట్టారు. ఆ టన్నును చివరిదాకా మోయాల్సి వచ్చేసరికి 20,650 కిలోమీటర్లకు చేరాల్సిన ఎత్తు ఆరున్నర వేల దగ్గరే ఆగింది. బరువు, ఇంధనం లెక్క ఎంత కచ్చితమైందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు క్లాసులో దొరకలేదు.

2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 కూడా అంతే. మూడో దశలో మోటార్ లోపలి పీడనం పడిపోయిందని ఇస్రో ఛైర్మన్ ఆ రోజే చెప్పారు. ఆ దశ ఘన ఇంధనంది, ఏడున్నర టన్నులకు పైగా ఉంటుంది. లోపల పీడనం తగ్గితే తోసే బలం తగ్గుతుంది, ఆపి మళ్లీ వెలిగించే అవకాశం లేదు, పైనున్న చిన్న నాలుగో దశకు అంత లోటు పూడ్చే శక్తి ఉండదు. రెండు వాక్యాల పని. అవి ఉంటే ‘ఏదో అయింది’ అనే స్థితి నుంచి ‘ఇది అయింది’ అనే స్థితికి పాఠకుడు వస్తాడు.

ఆగిన ప్రయోగాన్ని విఫలమైన ప్రయోగంలా చూపించకండి, ఇది చేతులు జోడించి అడుగుతున్నాను. 2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ-డీ5 కౌంట్‌డౌన్‌ను ఇంకో 74 నిమిషాలుందనగా ఆపేశారు. రెండో దశ నుంచి యూహెచ్25 కారుతోంది. ఒకసారి తలుచుకోండి: పూర్తిగా నింపిన రాకెట్, ఇంకొక ద్రవం తగిలితే చాలు అంటుకునే ఇంధనం బయటికి వస్తోంది. అలాంటి చోట ఆపమని చెప్పగలిగినవాళ్లది ఓటమి ఎలా అవుతుంది? ఆ దశను కొత్తదానితో మార్చి, 2014 జనవరి 5న అదే రాకెట్‌ను పంపించారు. మన సొంత క్రయోజెనిక్ ఇంజన్ మొదటిసారి గెలిచింది ఆ రోజే. రష్యా నుంచి ఆ పరిజ్ఞానం రాకుండా 1990ల్లో అమెరికా అడ్డుపడిన దగ్గరనుంచి లెక్కేస్తే ఇరవై ఏళ్ల పోరాటం అది.

ఇందులో మన మనుషులున్నారు. వికాస్ ఇంజన్లు తాగే యూహెచ్25 మన తణుకులో తయారవుతుందని ఎంతమంది తెలుగువాళ్లకు తెలుసు? చక్కెర మిల్లుతో మొదలైన ఆంధ్రా షుగర్స్ దశాబ్దాలుగా ఇస్రోకు ద్రవ ఇంధనాలు చేసి ఇస్తోంది. తణుకు పక్క ఊళ్లనుంచి వచ్చి బెంగళూరులో ఉంటున్నవాళ్లకు ఈ సంగతి చెబితే కళ్లు పెద్దవి చేసుకుని చూశారు. మీ పశ్చిమగోదావరి ఎడిషన్‌లో ప్రయోగం మర్నాడు ఒక పావు పేజీ దీనికివ్వండి.

అలాగే ఈ ద్రవాలు ప్రమాదకరమైనవని కూడా దాచకుండా రాయండి. యూహెచ్25లో ఉన్నవి హైడ్రజీన్ జాతి రసాయనాలు. విషం. క్యాన్సర్ భయమూ ఉంది. నైట్రోజన్ టెట్రాక్సైడ్ ఆవిరి ఎర్రగా, గోధుమరంగులో లేస్తుంది, పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. అందుకే వీటి దగ్గర పనిచేసేవాళ్లు ఒళ్లంతా కప్పే సూట్లలో ఉంటారు. ఘన ఇంధనంతోనూ ప్రాణాపాయం ఉంది. 2004 ఫిబ్రవరిలో షార్‌లో ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. విజయం రోజున చప్పట్లు కొట్టేవాళ్ల ఫొటో వేస్తాం, ఇంధనం కలిపిన, పోసిన, నింపిన చేతుల గురించి ఎన్నడైనా రాశామా? పాఠకులను భయపెట్టమని నా ఉద్దేశం కాదు. ఈ విషాలకు బదులు వేరేవి తేవడానికి జరుగుతున్న పని కూడా వార్తే. బెంగళూరుకే చెందిన బెల్లాట్రిక్స్ ఏరోస్పేస్ హైడ్రజీన్ అవసరం లేని గ్రీన్ ప్రొపెల్లంట్ థ్రస్టర్‌ను, అంటే తక్కువ విషపూరితమైన ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్‌ను, చేసి, 2024 జనవరి 1న వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 నాలుగో దశ మీద అంతరిక్షంలో పరీక్షించింది. ఇది తెలుగులో ఎక్కడైనా వివరంగా వస్తుందేమోనని ఎదురుచూశాను.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ప్రతి రాకెట్‌కూ ఒక పేజీ ముందే తయారు చేసి డెస్కులో పెట్టుకోండి: పీఎస్‌ఎల్‌వీకి ఒకటి, జీఎస్‌ఎల్‌వీకి ఒకటి, ఎల్‌వీఎం3కి ఒకటి, ఎస్‌ఎస్‌ఎల్‌వీకి ఒకటి. ఏ దశలో ఏ ఇంధనం, ఎన్ని టన్నులు, ఎంతసేపు మండుతుంది అన్నవి ప్రయోగానికీ ప్రయోగానికీ పెద్దగా మారవు. మారేది ఉపగ్రహం బరువు, దాని సొంత ఇంధనం, వెళ్లే కక్ష్య. ఈ మూడూ ఇస్రో ప్రయోగానికి ముందు ఇచ్చే బ్రోచర్‌లో చాలావరకు దొరుకుతాయి. ఛానళ్లు లైవ్‌లో తెర కింద స్క్రోలింగ్ బదులు ‘ఇప్పుడు మండుతున్నది’ అని ఒక పట్టీ వేస్తే ఇంకా మంచిది. దశ మారినప్పుడల్లా పట్టీ మారాలి. సూళ్లూరుపేట, నాయుడుపేట విలేకరులకు మీకన్నా, నాకన్నా ఈ రాకెట్ల సంగతి బాగా తెలుసు. వాళ్లు పంపిన కాపీలో ఇంధనం గురించి ఉన్న పేరాను చోటు చాలదని ముందుగా కత్తిరించవద్దు.

ఈ ఊళ్లో రాకెట్లు, ఉపగ్రహాల మీద పనిచేసి రిటైరైన తెలుగువాళ్లు, కాలేజీల్లో పాఠాలు చెప్పే నాలాంటివాళ్లు ఉన్నారు. కాపీ రాశాక అంకెలు సరిచూసుకోవాలంటే మాలో ఎవరికి ఫోన్ చేసినా పైసా ఆశించకుండా చూసిపెడతాం. మీ పేజీ మూసే వేళ రాత్రి ఎంతైనా ఫర్వాలేదు. వచ్చే ప్రయోగానికే మొదలుపెడదామంటే ఎల్‌వీఎం3, పీఎస్‌ఎల్‌వీల పేజీలు తెలుగులో రాసి నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, అడిగిన పత్రికకు పంపిస్తాను. నా పేరు వేయాల్సిన పనిలేదు.

ఇట్లు,
మత్తికెరె, బెంగళూరు నుంచి
ఒక ఫిజిక్స్ లెక్చరర్